డబ్బాకి ఎన్ని, ఎన్ని డబ్బాలు

“దానికి నువ్వు చెప్పకు లిందా. నీలాగే తయారవుతుంది” అన్నాడు అదేరితు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఎర్మెలింద చెప్పిందేమీ లేదు. బంగాళాదుంపల తొక్క తీస్తూ, బల్లకి అవతల కూర్చున్న కూతురి కాగితం మీదకి ఒకసారి వంగి చూసింది, అంతే. ఎనిమిదేళ్ళ బెనెదీత ఆ మాట విని కాగితాన్ని మోచేత్తో కప్పేసుకుంది. ఎవరు చూడకుండా కప్పుకుందో, తండ్రా తల్లా, ఎర్మెలిందకి అర్థం కాలేదు. పెనీష్ రేవు గాలికి కిటికీ తలుపు కొట్టుకుంటోంది. పొయ్యి మీద సూప్ నీళ్ళు మరుగుతున్నాయి. క్యాబేజీ ఇంకా తరగలేదు.

కాగితం మీద లెక్క తేలికైనదే. ఇరవై నాలుగు బిస్కెట్లని ఆరు పళ్ళేల్లో సమానంగా సర్దాలి, ఒక్కో పళ్ళెంలో ఎన్ని వస్తాయో చెప్పాలి, బొమ్మ గీయాలి. పిల్ల నాలుగు పళ్ళేలు గీసి ఒక్కోదానిలో ఆరేసి చుక్కలు పెట్టింది. కింద ‘నాలుగు’ అని రాసింది. టీచరు జవాబు పక్కన టిక్కు పెట్టి, బొమ్మ చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి ప్రశ్నార్థకం వేసింది.

“జవాబు కరెక్టే కదా, ఇంకేంటట?” అన్నాడు అదేరితు పేపరు మడిచి. “బొమ్మలు గీయడానికి ఇదేమన్నా డ్రాయింగు క్లాసా? ఎక్కాలు వస్తే అన్నీ వస్తాయి. చెప్పవే, ఆరో ఎక్కం.”

పెన్సిలుతో బల్ల మీద తాళం వేస్తూ చెప్పించాడు. పిల్ల తాళం తప్పకుండా పాట పాడినట్టు చెప్పింది. ఆరు పదులు అరవై దాకా వచ్చాక ఠక్కున ఆపి అడిగాడు. “ఇరవై నాలుగులో ఆరు ఎన్నిసార్లు?”

బెనెదీత పెదవులు కదిపింది. మళ్ళీ మొదటినుంచి పాడుకుంటోంది, లోపల్లోపల.

“చూశావా, వాళ్ళమ్మ పోలికే” అన్నాడు అదేరితు, ఎవరికో చూపిస్తున్నట్టు చెయ్యి తిప్పి.

అదేరితు ఊరి నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. మీటర్ల అంకెలు రోజంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ఆ ఇంట్లో లెక్కల మనిషి అతనే. కింది వాటాలో ఉండే అత్తగారు ఉంబెలీనా, మా వాడు ఏడేళ్ళకే పన్నెండో ఎక్కం అప్పజెప్పేవాడని పదేళ్ళుగా చెబుతూనే ఉంది. ఎర్మెలింద ఏమీ అప్పజెప్పలేదు. నాలుగో తరగతిలో ఒక భాగహారం ముందు టీచరు ఆమెని బోర్డు దగ్గర నిలబెట్టింది, వచ్చేదాకా కూర్చోవద్దని. మధ్యాహ్నం గంట కొట్టేసరికి చేతిలో సుద్దముక్క చెమటకి ముద్దయిపోయింది. అప్పటినుంచీ అంకెలు కనబడితే చాలు, ముందు అరచేతులు తడుస్తాయి. పద్నాలుగేళ్ళకి బడి మానేసి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరింది. ఇంటికి ఏ ఫారం వచ్చినా చదవకుండానే మొగుడి వైపు జరిపేయడం అలవాటైంది. జరిపేసిన ప్రతిసారీ అతను ఒక నిట్టూర్పు విడుస్తాడు. ఆ నిట్టూర్పు కూడా ఇంటి చప్పుళ్ళలో ఒకటైపోయింది.

మరుసటి వారం బడి నుంచి పిలుపొచ్చింది. “నాకెక్కడ కుదురుతుంది, ఆఫీసుంది” అన్నాడు అదేరితు. ఎర్మెలిందకీ ఫ్యాక్టరీ ఉంది. అయినా ఆమే వెళ్ళింది, సూపర్‌వైజర్ వల్దెమార్‌కి ఎందుకు, ఏమిటి, ఎంతసేపు అని సంజాయిషీ చెప్పుకుని. ఎంత తోముకున్నా గోళ్ళ సందుల్లోంచి వాసన పోలేదు. టీచరు ఎదుట చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంది.

టీచరు నొయేమియాకి ముప్పై ఏళ్ళుంటాయి. మెత్తటి మనిషి. “బెనెదీతకి ఎక్కాలు గడగడా వచ్చండీ. అవి దేని గురించో మాత్రం తెలియదు” అంది. “సమానమైన గుంపులు చేయించాలి. వస్తువులతో, చేతులతో. ఈ కాగితంలో అన్నీ రాశాను. నాన్నగారికి ఇవ్వండి, ఆయన చేయిస్తారు.”

“నేను…” అంది ఎర్మెలింద.

“చెప్పండి?”

“ఏం లేదు. ఇస్తాను.”

బస్సులో ఆ కాగితం విప్పింది. చదవబోతే అరచేతులు తడిశాయి. మడిచి సంచిలో పెట్టింది. తన మీద తనకే కోపం వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్నపిల్లల కాగితానికి భయపడటమేమిటి. మళ్ళీ తీసింది. సమానంగా పంచడం వేరు, గుంపుకి ఇన్నేసి చొప్పున కట్టడం వేరు, రెండూ విడివిడిగా చేయించండి అని మొదటి వాక్యం. రెండుసార్లు చదివింది. అర్థం కాలేదు. మొగుడికి మాత్రం ఇవ్వలేదు.

అది అర్థమైంది ఫ్యాక్టరీలో, రెండు రోజుల తర్వాత. పడవలు తెల్లవారకముందే కవళ్ళ చేపలు దింపాయి. పొడవాటి లోహపు బల్లకి రెండువైపులా ఆడవాళ్ళు, తలలకి తెల్ల టోపీలు, కాళ్ళకి రబ్బరు బూట్లు. తల తీసి, తోక కత్తిరించి, డబ్బాకి నాలుగేసి, ఒకటి ఇటు ఒకటి అటు తిప్పి సర్దడం. ముప్పై డబ్బాలకి ఒక ట్రే. వల్దెమార్ కాగితం పట్టుకుని వచ్చి ఎప్పటిలాగే ఆమె వెనక ఆగాడు.

“లిందా, నలభై పెట్టెలొచ్చాయి. ఎన్ని ట్రేలు తీయించమంటావ్?”

ఆమె చేతులు ఆపకుండానే పెట్టెలవైపు చూసింది. పెట్టెకి నూట ఇరవై. నాలుగేసి అయితే ముప్పై డబ్బాలు, ఒక ట్రే. పొట్టలు పగిలినవి పదో వంతు పోతాయి. “ముప్పై ఆరు చాలండి” అంది.

అతను రాసుకుని పై ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. అక్కడ అది అతని అంచనా. పదహారేళ్ళుగా అతని అంచనాలు తప్పడం లేదని అతనికి మంచి పేరుంది. ఎర్మెలింద కత్తెర ఆగిపోయింది. నేనిప్పుడు చేసిందేమిటి? నూట ఇరవై చేపలున్నాయి, నాలుగేసి పెడితే ఎన్ని డబ్బాలు. ఇదీ గుంపుకి ఇన్నేసి చొప్పున కట్టడమంటే. మరి ఏడాది చివర డబ్బాలు తక్కువపడినప్పుడు? ఉన్న డబ్బాలన్నీ ముందు పరిచేసి, చేపల్ని ఒక్కొక్కటే వేసుకుంటూ పోతారు, డబ్బాకి ఎన్ని పడతాయో చూడటానికి. అదీ పంచడమంటే. రెండింట్లోనూ చేపలవే, డబ్బాలవే, చెయ్యి కదిలే తీరు వేరు. ఇన్నాళ్ళూ ఇది లెక్క అనుకోలేదు. పని అనుకుంది.

“ఏమైందే, చెయ్యి తెగిందా?” అంది పక్కనున్న ఆవిడ.

“లేదు” అంది ఎర్మెలింద. కళ్ళు మండుతున్నాయి, ఎవరిమీదో తెలియని కోపంతో. ఆ బోర్డు దగ్గర మధ్యాహ్నం దాకా నిలబెట్టిన మనిషి చేతికి నాలుగు డబ్బాలు ఇచ్చి ఉంటే ఏం పోయేది.

సొట్టపడ్డ ఖాళీ డబ్బాలు ఎనిమిది అడిగి తెచ్చుకుంది. అంచులు సానరాయితో అరగదీసింది. పాత క్యాలెండరు కాగితాలు చేపల్లా కత్తిరించింది. అదేరితు ఆఫీసయ్యాక కాఫీ అంగడిలో స్నేహితులతో కూర్చుని వస్తాడు. ఆ గంటసేపు బల్ల వాళ్ళిద్దరిదీ.

మొదటిరోజు పన్నెండు చేపలిచ్చి నాలుగు డబ్బాల్లో వెయ్యమంది. బెనెదీత చకచకా వేసింది. ఒకదానిలో ఆరు, ఒకదానిలో నాలుగు, ఇంకోదానిలో రెండు. నాలుగోది ఖాళీ.

“ఇవేంటి ఇలా?”

“ఇది నాన్నది. ఇది నానమ్మది. ఇది నాది” అంది పిల్ల వేలితో చూపిస్తూ. “నీకు తర్వాత, మేం తిన్నాక.”

ఎర్మెలిందకి పిల్ల మీదే కోపం వచ్చింది. చెంప మీద ఒక్కటి వెయ్యాలన్నంత కోపం. తర్వాత సిగ్గేసింది. పిల్ల చూసిందే వేసింది. చేపలన్నీ తిరిగి కుప్ప చేసి, “లెక్కల్లో డబ్బాలకి పేర్లుండవు. అన్నిట్లోనూ ఒకేలా ఉండాలి. ఒక్కొక్కటీ వెయ్యి, వరసగా, చేపలు అయిపోయేదాకా” అంది. గొంతు గట్టిగానే వచ్చింది. ఒక్కొక్కటీ వేస్తే మూడేసి వచ్చాయి. “ఇప్పుడు డబ్బాలు నేను చెప్పను. చేపలు పన్నెండు. డబ్బాకి నాలుగు పెట్టు. ఎన్ని డబ్బాలు కావాలో చూడు.” మూడు డబ్బాలు వచ్చాయి. పిల్ల రెండిటినీ మార్చి మార్చి చూసింది. “మొదట డబ్బాకి ఎన్ని అని అడిగావు. ఇప్పుడు ఎన్ని డబ్బాలు అని అడిగావు” అంది నెమ్మదిగా.

“ఊఁ.”

“టీచర్ నా బొమ్మకి సున్నా చుట్టింది అందుకా?”

“అందుకే.”

మూడు వారాలు చేశారు. పదిహేడు చేపలు డబ్బాకి ఐదేసి పెడితే రెండు మిగిలిపోతే బెనెదీత భయపడింది, తప్పు చేశానేమోనని. మిగిలితే మిగలనీ, మిగిలాయని రాయి చాలు అంది ఎర్మెలింద. కొన్నిరోజులు సూప్ ఆలస్యమైంది. “ఇల్లు చూసుకునే తీరిక కూడా లేదా కోడలికి” అని మెట్ల కిందనుంచి ఉంబెలీనా వినబడేలా అంది. ఎర్మెలింద తలుపు దగ్గరకి వెళ్ళి, “అయిపోవచ్చింది అత్తయ్యా” అంది. అనక్కర్లేదని అన్నాక తోచింది.

పరీక్షలో బెనెదీతకి ‘చాలా బాగుంది’ వచ్చింది. ఆ ఆదివారం భోజనానికి ఆడపడుచూ ఆమె మొగుడూ వచ్చారు. ఎండు కాడ్ చేప రెండురోజులు నానబెట్టి, బంగాళాదుంపలతో ఓవెన్లో పెట్టింది ఎర్మెలింద. అందరికీ వడ్డిస్తూ నిలబడే ఉంది. అదేరితు పరీక్ష కాగితం బల్లచుట్టూ తిప్పాడు.

“ఎక్కాలు కక్కించాను కదా మరి. మూణ్ణెల్ల కిందట రెండో ఎక్కం రాదు దీనికి” అన్నాడు.

“మా వాడి బుర్ర అలాంటిది. ఒంట్లో ఉన్నది ఎక్కడికి పోతుంది” అంది ఉంబెలీనా.

“అమ్మ చెప్పింది నాన్నా. చేపలతో” అంది బెనెదీత.

అదేరితు రొట్టెముక్క తుంపి నూనెలో అద్దుకుంటూ, “మీ అమ్మ నాలుగు దాకే లెక్కపెడుతుందమ్మా. డబ్బాలో అంతకంటే పట్టవు” అన్నాడు.

బల్ల చుట్టూ అందరూ ఘొల్లున నవ్వారు. ఆడపడుచు మొగుడికి పొలమారింది కూడా. బెనెదీత ముందు తండ్రి మొహం చూసింది, తర్వాత మేనత్త మొహం, తర్వాత తనూ నవ్వింది. పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఎర్మెలింద పెదవుల మీద కూడా అప్పటికే నవ్వు ఉంది. ఇలాంటి మాటలకి పదేళ్ళుగా అందరికంటే ముందు నవ్వేది తనే. నవ్వేస్తే ముల్లు గుచ్చుకోదని ఎవరు నేర్పారో గుర్తులేదు. కూతురికి మాత్రం తనే నేర్పుతోంది, ఇప్పుడు, ఈ బల్ల దగ్గరే. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, కడగాల్సినవేమీ లేకపోయినా నీళ్ళకింద చేతులు పెట్టుకుని నిలబడింది. అక్కడికి ఎవరూ రాలేదు. కాసేపటికి అదేరితు గొంతు వినబడింది. “లిందా, కాఫీ.”

ఆ తర్వాతి సోమవారం బడి నుంచి ఉత్తరం వచ్చింది, అదేరితు పేరు మీద. బడిలో పిల్ల తరఫు బాధ్యులుగా ఒక్కరి పేరే రాసుకుంటారు, అది అతనిదే. బెనెదీత ఇంత త్వరగా అందుకున్నందుకు సంతోషమనీ, వెనకబడ్డ పిల్లల తల్లిదండ్రులకి తమ పద్ధతి చూపించడానికి గురువారం మూడింటికి దయచేసి రమ్మనీ నొయేమియా రాసింది. అదేరితు ఉత్తరం రెండుసార్లు గట్టిగా చదివాడు. కిందికి వెళ్ళి తల్లికి చదివి వినిపించి వచ్చాడు. ఈసారి ఆఫీసులో ఇబ్బందేమీ లేదు. అడగ్గానే సెలవిచ్చారట. బుధవారం ఇంటికి రాగానే మొదలుపెట్టాడు.

“నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యి. ఆ డబ్బాలూ అవీ ఎక్కడున్నాయి? రెండు రకాలనో ఏదో రాసింది టీచరు, అదేంటో రెండు నిమిషాల్లో చెప్పెయ్.”

సాయంత్రం ఎండ ఇంకా బల్లమీద ఉంది. ఎర్మెలింద ఇరవై చేపలు, ఐదు డబ్బాలు తెచ్చి పెట్టింది. బెనెదీత వచ్చి కుర్చీ మీద మోకాళ్ళేసుకుని కూర్చుంది.

“ఇరవై చేపలు ఐదు డబ్బాలకి సమానంగా పంచాలి. డబ్బాకి ఎన్ని?” అంది ఎర్మెలింద.

“నాలుగు” అన్నాడు అదేరితు.

“డబ్బాకి ఐదు పెడితే ఎన్ని డబ్బాలు?”

“నాలుగే. మొదట్నుంచీ నేననేది అదే కదా, రెండూ ఒకటే.”

“ఆ మొదటిది చేసి చూపించు. పంచడం.”

అతను నవ్వి, మొదటి డబ్బాలో ఐదు చేపలు లెక్కపెట్టి పెట్టాడు. రెండోదానిలో ఐదు. మూడోదానిలో, నాలుగోదానిలో ఐదేసి. చేపలు అయిపోయాయి. ఐదో డబ్బా ఖాళీగా ఉండిపోయింది. దానివైపు చూస్తూ ఆగాడు. కుప్పలో ఇంకేమైనా ఉన్నాయేమోనని బల్లకిందికి కూడా చూశాడు.

“ఒక్కొక్కటీ వెయ్యాలి నాన్నా. పంచడమంటే అలా” అంది బెనెదీత మెల్లగా.

“పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకు.”

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. మొహం ముడుచుకుపోయింది. ఇరవై నాలుగులో ఆరు ఎన్నిసార్లు అని అడిగినరోజు ఉన్న మొహం. ఎర్మెలింద దాన్నే చూస్తోంది.

“సర్లే, ఇదంతా ఎందుకు. ఒక కాగితం మీద వరసగా రాసిచ్చెయ్, అక్కడ చదివేస్తాను” అన్నాడు అదేరితు లేస్తూ.

ఎర్మెలింద కలం తీసుకుంది. ‘ముందు డబ్బాలు పరచాలి’ అని రాసింది. అక్కడ ఆగింది. రాస్తే చదువుతాడు. చదివితే బాగుందంటారు. ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పు ఎంత బాగుందన్నారో అంటాడు. తను సూప్ వేడిచేస్తుంది. వల్దెమార్ కాగితం పట్టుకుని మెట్లెక్కడం గుర్తొచ్చింది. పదహారేళ్ళు అది వింతగా అనిపించలేదు. అడిగాడు, చెప్పింది. అడిగితే చెప్పకపోవడం అనేది ఒకటుంటుందని కూడా తోచలేదు. ఇప్పుడు తోచింది కాబట్టి దాన్ని మర్చిపోవడం కుదరదు. కాగితం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

“రేపు నేను వెళ్తాను.”

“ఎక్కడికి?”

“బడికి.”

“నువ్వా?” అతనికి నిజంగానే అర్థం కాలేదు. “అంతమంది ముందు ఏం మాట్లాడతావ్? నవ్వుతారు లిందా. అయినా ఉత్తరం వచ్చింది నా పేరు మీద.”

“ఆ సంగతి అక్కడ మాట్లాడుకుంటాను.”

“చొక్కా?”

“వెళ్ళట్లేదుగా, ఇస్త్రీ ఎందుకు?”

అదేరితు కిందికి వెళ్ళాడు. మెట్ల కిందనుంచి ఉంబెలీనా గొంతు చాలాసేపు వినబడింది, మగాడు ఉండగా ఆడది బయల్దేరడమేమిటని. ఎర్మెలింద చేపల్ని ఇరవై చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి కట్టుకుంటూ కూర్చుంది.

మర్నాడు ఫ్యాక్టరీలో రెండింటికి వెళ్ళాలని చెబితే వల్దెమార్ మొహం చిట్లించాడు. “రెండు నెలల్లో రెండోసారి. ఇంట్లో మగమనిషి లేడా?” అన్నాడు. ఉన్నాడని చెప్పి టోపీ తీసేసింది. చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుంది, సంచి భుజాన వేసుకుంది.

తరగతి గదిలో పిల్లల చిన్న కుర్చీల్లో పదకొండుమంది ఆడవాళ్ళు మోకాళ్ళు దగ్గరకి పెట్టుకుని కూర్చున్నారు. ఒక ముసలాయన, ఎవరి తాతో. తండ్రులెవరూ లేరు. నొయేమియా తలుపువైపు చూసి, “నాన్నగారు…” అంది.

“నేనే చేయించాను మేడమ్” అంది ఎర్మెలింద. “ఆయన కాదు.”

నొయేమియా మొహం ఎర్రబడింది. “ఎవరు చేయించారో నేను అడగలేదు కదూ” అని పక్కకి జరిగింది.

ఎర్మెలింద ముందుకొచ్చింది. మాటలు రాకపోతే చేతులైనా పనిచేస్తాయని సంచి విప్పి జంటకొక కట్ట ఇచ్చింది. డబ్బాలు ఒక జంటకే సరిపోయాయి, తక్కినవాళ్ళకి వాటి బదులు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మూతలు ఐదేసి ఇచ్చింది. “ఇరవై ఉన్నాయి. ఐదింటికి సమానంగా పంచండి” అంది. సగంమంది మొదటిదానిలో ఐదు పెట్టారు. చివరిది ఖాళీగా మిగిలేసరికి ఒకామె సిగ్గుపడి చేత్తో మూసేసింది. ఆ చెయ్యి ఎర్మెలిందకి తెలుసు. ఆమె పక్కన చిన్న కుర్చీలో కూర్చుని, “మళ్ళీ కుప్ప చెయ్యండి. ఒక్కొక్కటీ వేద్దాం. నాకూ మొన్నటిదాకా తెలియదు” అంది. ఆ తర్వాత గొంతు దానంతటదే వచ్చింది. నాలుగున్నర దాకా ఎవరూ లేవలేదు. ముసలాయన పదిహేడు చేపలు తీసుకుని మిగిలిన రెండింటి గురించి ఎంతకీ ఒప్పుకోలేదు.

బెనెదీత వరండాలో ఎదురుచూస్తోంది. “నాన్నకి కోపం వచ్చిందా?” అంది.

“వచ్చింది.”

“మరి?”

“రానీ. పద, ఆఫీసులో ఒక పనుంది.”

బడి ఆఫీసులో గుమాస్తా ఒకావిడ ఫారం ఇచ్చింది. పిల్ల పేరు, తరగతి, ఇప్పటి బాధ్యుల పేరు, కొత్త బాధ్యుల పేరు. ఎర్మెలింద నిలబడే, గోడకి ఆనించి రాసింది. అరచెయ్యి తడిసింది. కలం జారితే ఏప్రన్‌కి తుడుచుకోబోయి, ఏప్రన్ లేదని గుర్తొచ్చి గౌనుకి తుడుచుకుంది. మార్పుకి కారణం అన్నచోట ఒక గీతే ఉంది. రాసి ఇచ్చింది.

గుమాస్తా చదివి కళ్ళజోడు సర్దుకుంది. “ఇలా కాదండీ. ఇల్లు మారారనో, ఆయన ఊళ్ళో ఉండట్లేదనో, అలాంటిది రాయాలి. ఇదేంటి, ‘ఇన్నాళ్ళూ తప్పు పేరు రాశాం’ అని.”

“కారణం అదే” అంది ఎర్మెలింద, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నట్టు వేలు ఆనించి.